ఉక్కు ఊరు, సారా కొట్టు, శంకర్ గుహా నియోగి

భిలాయ్ చరిత్రను రెండు విధాలుగా చెప్పవచ్చు. మొదటిది శిలాఫలకాల మీద ఉన్న చరిత్ర. 1955 ఫిబ్రవరి 2న భారత్, సోవియట్ యూనియన్‌ల మధ్య ఒప్పందం కుదిరింది. నాలుగేళ్లకు, 1959 ఫిబ్రవరి 4న, రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. పది లక్షల టన్నులతో మొదలైన సామర్థ్యం పాతిక లక్షలకు, ఆపైన నలభై లక్షలకు పెరిగింది. దేశమంతటా పరుచుకున్న రైలు పట్టాల మీద భిలాయ్ ముద్ర పడింది. రెండోది ఆ ఫర్నేస్‌కు రాయి మోసినవారి చరిత్ర. అందులో ఇనుప ఖనిజంతో పాటు కంట్రాక్టరు, కూలి చీటీ, పోలీసు తూటా, సారా కొట్టు కనిపిస్తాయి. ఈ రెండో చరిత్రకు నడిమధ్యన నిలిచిన మనిషి శంకర్ గుహా నియోగి. ఆయన స్థానికుడు కాదు. పని వెతుక్కుంటూ ఆ ఊరికి వచ్చిన వేలాది వలసదారులలో ఒకడు.

వలసదారు, మద్యం, పారిశ్రామిక పట్టణం: ఈ మూడు మాటలు కలిసినప్పుడు ప్రపంచ చరిత్రలో సాధారణంగా గుర్తుకు వచ్చేది మరో రకం మనిషి. పంతొమ్మిదో శతాబ్దపు అమెరికాలో మిల్వాకీ పట్టణం అందుకు పెట్టింది పేరు. జర్మనీ నుంచి వెళ్లిన ఫ్రెడరిక్ మిల్లర్ 1855లో అక్కడ ఒక చిన్న బీరు కర్మాగారాన్ని కొని తన పేరును ఖండాంతరాలకు తీసుకువెళ్లాడు. మరో జర్మన్ వలసదారు జోసెఫ్ ష్లిట్జ్ ఒక బీరు కర్మాగారంలో లెక్కలు రాసే గుమాస్తాగా చేరాడు. యజమాని చనిపోయాక ఆయన భార్యను వివాహమాడి, సంస్థకు తన పేరు పెట్టి, ఊరి పెద్దమనుషుల్లో ఒకడయ్యాడు. 1875లో జన్మభూమిని చూసేందుకు ప్రయాణమై, ఓడ మునిగి మరణించాడు. అమెరికా స్థానిక చరిత్రలు ఇటువంటి జీవితాలను ఇష్టంగా చెబుతాయి. వచ్చాడు, కాచాడు, సంపాదించాడు, ఊరికి భవనాలు కట్టించాడు అన్నది ఆ కథల వరస.

అదే మిల్వాకీలో ఆ వరసకు లొంగని సంఘటన ఒకటి ఉంది. 1886 మే నెలలో ఎనిమిది గంటల పనిదినం కోసం ఆ పట్టణ కార్మికులు సమ్మెకు దిగారు. వారిలో బీరు కర్మాగారాల కార్మికులు కూడా ఉన్నారు. మే 5న బే వ్యూ అనే పేటలోని ఇనుప పట్టాల మిల్లు వైపు ఊరేగింపుగా సాగుతున్నవారిపై గవర్నర్ ఆదేశంతో సైనిక దళం కాల్పులు జరిపింది. కనీసం ఏడుగురు మరణించారు. బీరు యజమాని జీవితచరిత్రలో ఈ రోజుకు దక్కే చోటు స్వల్పం. కార్మికుల చరిత్రలో మాత్రం ఇనుప మిల్లు, బీరు కర్మాగారం, తుపాకీ ఒకే పుటలో ఉంటాయి. వందేళ్ల తరువాత భిలాయ్‌లో అవే మూడూ మళ్లీ ఒకచోట చేరాయి. తేడా అల్లా, భిలాయ్ చరిత్ర గుర్తుపెట్టుకున్న వలసదారు మద్యం కాచి పెద్దవాడైనవాడు కాదు. మద్యంతో తలపడినవాడు.

నియోగి అసలు పేరు ధీరేశ్. 1943లో బెంగాలీ మధ్యతరగతి కుటుంబంలో పుట్టాడు. బాల్యం అస్సాంలో గడిచింది. కొంతకాలం అసన్‌సోల్ దగ్గరి బొగ్గు గనుల ప్రాంతంలో బంధువుల ఇంట ఉన్నాడు. జల్‌పాయిగుడిలో చదువుతూ వామపక్ష విద్యార్థి ఉద్యమంలో చేరాడు. 1960ల మొదట్లో భిలాయ్ చేరేనాటికి ఆయన ఇంకా ఇరవై ఏళ్ల లోపు యువకుడు. ఉక్కు కర్మాగారంలోని కోక్ ఓవెన్ విభాగంలో పని దొరికింది. బొగ్గును గాలి తగలకుండా మాడ్చి కోక్‌గా మార్చే ఆ విభాగంలో వేడి, పొగ, వాయువుల మధ్య పని చేయడమంటే ఏమిటో చేసినవారికే తెలుసు.

ఆనాటి భిలాయ్‌ను చిన్న భారతదేశం అనేవారు. బెంగాలీలు, పంజాబీలు, మలయాళీలు, బీహారీలు, ఒడియాలు, వారి మధ్య తెలుగువారు. రాయ్‌పూర్, విజయనగరం మధ్య 1931లో పూర్తయిన రైలు మార్గం ఉత్తరాంధ్ర జిల్లాలకు భిలాయ్‌ను పొరుగూరుగా మార్చింది. పార్వతీపురం, బొబ్బిలి స్టేషన్లలో రైలెక్కినవారు సెక్టార్ క్వార్టర్లలో స్థిరపడి, తమ పిల్లలను అక్కడి బడులలో హిందీ మాధ్యమంలో చదివించారు. ఈ చిన్న భారతదేశంలో పెద్ద గీత మాత్రం భాషల మధ్య లేదు. కర్మాగారంలో పర్మనెంటు ఉద్యోగికి, కంట్రాక్టు కూలీకి మధ్య ఉంది. దశాబ్దాల పాటు భిలాయ్‌ను అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త జొనాథన్ పారీ 2020లో వెలువరించిన గ్రంథంలో ఈ ఇద్దరూ ఒకే వర్గం కాదని, క్రమంగా రెండు వేరు వేరు వర్గాలుగా విడిపోయారని వాదించాడు. ఒకరికి క్వార్టరు, ఆసుపత్రి, పింఛను, పిల్లలకు బడి. రెండోవారికి రోజు కూలి, అదీ పని దొరికిన రోజున. ఈ రెండోవారిలో చుట్టుపక్కల పల్లెల ఛత్తీస్‌గఢీ రైతు కుటుంబాలవారు, ఆదివాసులు ఎక్కువ. కర్మాగారం కోసం భూమి ఇచ్చినవారిలో అనేకులు కర్మాగారం గేటు బయటే మిగిలారు.

నియోగి రాజకీయ జీవితమంతా ఈ గీతను దాటే ప్రయత్నమే. బ్లాస్ట్ ఫర్నేస్ కార్మికుల సమ్మెలో ముందు నిలిచినందుకు 1960ల చివర్లో ఉద్యోగం పోయింది. నక్సల్బరీ ప్రభావంలో విప్లవ కమ్యూనిస్టుల సమన్వయ సంఘంతో కలిశాడు. ప్రజాసంఘాలను, బహిరంగ పోరాటాలను వదలాలన్న వైఖరితో పొసగక విడిపోయాడు. అక్కడి నుంచి ఆయన ఛత్తీస్‌గఢ్ పల్లెల్లోకి వెళ్లాడు. మేకలు అమ్మాడు, చేపలు పట్టాడు, వ్యవసాయ కూలీగా బతికాడు. దానీటోలా క్వార్ట్జైట్ గనిలో రాళ్లు కొట్టాడు. తోటి కార్మికురాలైన ఆశ అనే ఆదివాసీ యువతిని అక్కడే వివాహమాడాడు. అజ్ఞాతంలో పెట్టుకున్న శంకర్ అన్న పేరే స్థిరపడింది. ఎమర్జెన్సీలో మీసా కింద జైలుకు వెళ్లాడు. బయటికి వచ్చేనాటికి ఆయన మాట్లాడే భాష, తినే తిండి, కూర్చునే తీరు ఛత్తీస్‌గఢీలవి. వలసదారు స్థానికుడు కావడమంటే ఊళ్లో భవనం కట్టించడం కాదని, ఊరి అడుగు మెట్టు మీద నిలబడడమని ఆయన జీవితం చెబుతుంది.

భిలాయ్‌కి సుమారు తొంభై కిలోమీటర్ల దక్షిణాన దల్లీ రాజహరా కొండలున్నాయి. ఫర్నేస్‌లకు కావలసిన ఇనుప ఖనిజం అక్కడి నుంచే వస్తుంది. 1977లో అక్కడ వేలాది కంట్రాక్టు కార్మికులు చేతులతో రాయి కొట్టి, తట్టలతో లారీలు నింపేవారు. వారిలో సగానికి సగం స్త్రీలు అనదగినంతగా స్త్రీల సంఖ్య ఉండేది. పర్మనెంటు కార్మికులకు, వీరికి ఇచ్చే బోనస్‌లో తేడాను గుర్తింపు సంఘాలు ఒప్పుకొని సంతకం చేయడంతో కంట్రాక్టు కార్మికులు ఆ సంఘాల జెండాలు దించేశారు. ఎమర్జెన్సీ జైలు నుంచి విడుదలైన నియోగిని పిలుచుకుని ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్‌ను నెలకొల్పారు. వారి తొలి కోర్కెలను చూస్తే ఆనాటి బతుకు అర్థమవుతుంది. పని లేకుండా కూర్చోబెట్టిన రోజుకు కూలి ఇవ్వాలి. వానలకు ముందు గుడిసె బాగు చేసుకోవడానికి వెదుళ్లకు, గడ్డికి వంద రూపాయలు ఇవ్వాలి. ఈ వంద రూపాయల కోర్కె మీద 1977 జూన్ 2 రాత్రి పోలీసులు నియోగిని యూనియన్ కార్యాలయం నుంచి ఎత్తుకుపోయారు. కార్మికులు ఎదురు తిరిగారు. ఆ రాత్రి, మరునాడు జరిగిన కాల్పుల్లో పదకొండు మంది మరణించారు. మృతుల్లో ఒక స్త్రీ, ఒక బాలుడు ఉన్నారు. ఎమర్జెన్సీ ఎత్తివేసి మూడు నెలలైనా కాలేదు.

కాల్పుల తరువాత సమ్మె ఆగలేదు. కోర్కెలు నెరవేరాయి. ఆ తరువాతి ఒప్పందాలలో కూలి పలు రెట్లు పెరిగింది. సాధారణంగా కార్మిక సంఘం చరిత్ర ఇక్కడ విజయగాథగా ముగుస్తుంది. దల్లీ రాజహరాలో అసలు ప్రశ్న ఇక్కడే మొదలైంది. కూలి పెరిగింది, ఇంట్లో పొయ్యి మాత్రం పాతలాగే వెలుగుతోంది. పెరిగిన రూపాయి ఎటు పోతోందని లెక్క తీస్తే, దారి సారా కొట్టు దగ్గర తేలింది. జీతాల రోజున కొట్టుకు గిరాకీ పెరిగింది. స్త్రీల మీద దెబ్బలు పెరిగాయి. రక్తం పోసి సాధించుకున్న కూలి చిల్లు కుండలో నీరైంది.

ఈ ప్రశ్నను నియోగి నీతిబోధగా మార్చకపోవడమే ఆయన రాజకీయంలోని ప్రత్యేకత. తాగుడు పాపమని గాంధేయ సంప్రదాయం చెప్పింది. అది వ్యక్తిగత విషయమని, విప్లవం తరువాత చూసుకోవచ్చునని వామపక్ష సంఘాల్లో చాలా భాగం దాటవేసింది. నియోగి దాన్ని కూలి ప్రశ్నగా చూశాడు. యజమాని కుడిచేత్తో ఇచ్చిన కూలిని కంట్రాక్టరు ఎడమచేత్తో లాగేసుకుంటే, అందులో వాటాను ప్రభుత్వం ఎక్సైజు పేరుతో తీసుకుంటే, పెరిగింది ఎవరి ఆదాయం? మద్యం దుకాణం ఊరికి వెలుపల ఉన్న దురలవాటు కాదు. అది గని ఆర్థిక వ్యవస్థలో ఒక భాగం. పన్నెండు గంటలు రాయి మోసిన ఒంటి నొప్పిని మరిపించి, మరునాడు మళ్లీ పనికి పంపే యంత్రం. అప్పులో ముంచి, ఎదురు చెప్పలేని మనిషిని తయారుచేసే యంత్రం కూడా.

ఈ చూపుకు వెనుక ప్రాంత చరిత్ర ఉంది. ఛత్తీస్‌గఢ్ ఆదివాసీ జీవితంలో ఇప్పపూల సారాకు పుట్టుక నుంచి చావు వరకు చోటుంది. దేవతకు ఆరబోస్తారు, పెళ్లిలో పంచుతారు, పంచాయితీ తీర్పు తరువాత తాగుతారు. అది ఇంట్లో కాచుకునేది, అమ్ముకోవడానికి కాదు. బ్రిటిష్ ప్రభుత్వం సారా కాచే హక్కును వేలం వేసి, లైసెన్సులిచ్చి, చివరకు పెద్ద డిస్టిలరీలకు అప్పగించింది. ఇంట్లో కాచుకోవడం నేరమైంది, కొట్టులో కొనడం చట్టబద్ధమైంది. 1915 నాటి సెంట్రల్ ప్రావిన్సెస్ ఎక్సైజు చట్టం పునాదులపైనే ఈనాటి ఛత్తీస్‌గఢ్ చట్టం నిలిచి ఉంది. ఈ అన్యాయాన్ని కేంద్ర ప్రభుత్వం కూడా ఆలస్యంగానైనా గుర్తించింది. ఆదివాసీ ప్రాంతాలలో సారా వ్యాపారాన్ని ఆపాలని, ఆదివాసులు తమ అవసరాలకు కాచుకునే హక్కును కాపాడాలని 1970ల మధ్యలో రాష్ట్రాలకు మార్గదర్శకాలు పంపింది. రాష్ట్రాల ఖజానాకు సారా ఆదాయం రుచి తెలిశాక ఆ కాగితం బలం ఎంతో చెప్పనవసరం లేదు. కంచే చేను మేయడం అంటే ఇదే.

దల్లీ రాజహరాలో మద్య వ్యతిరేక ఉద్యమం ప్రభుత్వాన్ని నిషేధం అడగడంతో మొదలు కాలేదు. యూనియన్ బస్తీల్లో సమావేశాలు పెట్టింది. కార్మికులు తాగమని ప్రమాణాలు చేశారు. మాట తప్పినవారిని సభ ముందు నిలబెట్టి జరిమానా వేశారు. ఆ సొమ్ము ఇంటి ఇల్లాలికి చేరేలా చూసిన సందర్భాలున్నాయి. పొద్దంతా లారీలు నింపే స్త్రీలు ఈ ఉద్యమానికి వెన్నెముక అయ్యారు. మహిళా ముక్తి మోర్చా ఆ పునాది మీద నిలిచింది. నవా అంజోర్ అనే సాంస్కృతిక బృందం ఛత్తీస్‌గఢీ పాటలతో, నాటికలతో బస్తీ బస్తీ తిరిగింది. సారా కంట్రాక్టర్ల వ్యాపారం పడిపోయింది. బెదిరింపులు, దాడులు, కేసులు వెంట వచ్చాయి. 1981లో నియోగిని జాతీయ భద్రతా చట్టం కింద నిర్బంధించారు. చేతులతో రాయి కొట్టే కూలీల నాయకుడు దేశ భద్రతకు ముప్పు అయ్యాడు.

తాగవద్దని చెప్పడం ఎంత ముఖ్యమో, ఆదా అయిన డబ్బుకు, సమయానికి దారి చూపడమూ అంతే ముఖ్యమని ఆయన గ్రహించాడు. సంఘర్ష్, నిర్మాణ్ అన్న జంట నినాదం అందులోంచి వచ్చింది. యూనియన్ ఎనిమిది గంటల సంస్థగా ఉండరాదు, ఇరవై నాలుగు గంటల సంస్థగా ఉండాలన్నది ఆయన భావన. యూనియన్ బడులు నడిపింది, ఆటల పోటీలు పెట్టింది. నాయకురాలు కుసుమ్ బాయి ప్రసవ సమయంలో సరైన వైద్యం అందక మరణించింది. ఆ దుఃఖం నుంచి కార్మికులు తమ చందాలతో, తమ శ్రమతో ఆసుపత్రి కట్టుకున్నారు. కాల్పుల ఆరో వార్షికోత్సవం నాడు, 1983 జూన్ 3న, షహీద్ ఆసుపత్రి తెరుచుకుంది. వినాయక్ సేన్, ఆశిష్ కుందు, శైబల్ జానా, పుణ్యవ్రత గుణ్ వంటి వైద్యులు అక్కడ పని చేశారు. సారా కొట్టుకు పోవలసిన రూపాయి ఆసుపత్రి గోడకు ఇటుకగా మారడం ఈ దేశ కార్మికోద్యమంలో అరుదైన దృశ్యం. ఎరుపు, ఆకుపచ్చ జెండాతో ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చా 1985లో జనక్‌లాల్ ఠాకూర్‌ను శాసనసభకు పంపింది. 1857లో రాయ్‌పూర్‌లో ఉరితీయబడిన ఆదివాసీ జమీందారు వీర్ నారాయణ్ సింగ్ స్మృతిని పండితుల పుస్తకాల నుంచి ప్రజల సభలలోకి తెచ్చిన ఘనత కూడా ఈ ఉద్యమానిదే.

తెలుగు పాఠకుడికి ఇక్కడ నెల్లూరు జిల్లా దూబగుంట గుర్తుకు రాక మానదు. అక్షరదీపం తరగతుల్లో సీతమ్మ కథ పాఠం చదివిన స్త్రీలు, రోసమ్మ ముందు నిలువగా, తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. 1992లో ఆ నిప్పు జిల్లా అంతటికీ, రాష్ట్రానికీ పాకింది. ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో పొట్లాల సారాను పల్లెపల్లెకూ చేర్చిన రాష్ట్రంలో, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలైంది. 1997లో దాన్ని సడలించారు. దల్లీ రాజహరా, దూబగుంట రెండూ స్త్రీల చొరవతో నిలిచిన ఉద్యమాలే. రెండింటిలోనూ మద్యం నీతి ప్రశ్నగా కాక, కూలి ప్రశ్నగా, ఇంటి పొయ్యి ప్రశ్నగా ముందుకు వచ్చింది. తేడా ఒకటుంది. దూబగుంట ఉద్యమ ఫలితం ప్రభుత్వ ఉత్తర్వుగా మారింది. ఉత్తర్వు ఇచ్చిన చేయి దాన్ని వెనక్కి తీసుకుంది. దల్లీ రాజహరాలో నిషేధం ఏ గెజిట్‌లోనూ అచ్చుకాలేదు. యూనియన్ బతికి ఉన్నంత కాలం, యూనియన్ బలంగా ఉన్నంత మేర అది నిలిచింది. ఒకదాని బలహీనత ఖజానా, మరొకదాని బలహీనత సంస్థ. ఏ పార్టీ ఎన్నికల ప్రణాళికలో మద్యనిషేధం కనిపించినా ఈ రెండు అనుభవాలనూ పక్కపక్కన పెట్టి చదవడం అవసరం.

ఉద్యమంలో లోపాలు లేవని చెప్పడం చరిత్ర కాదు. సభ ముందు నిలబెట్టి జరిమానా వేయడం సంఘ క్రమశిక్షణకూ సామాజిక బలవంతానికీ మధ్య గీతను పలుచన చేస్తుంది. ఆ అధికారం మంచి నాయకుడి చేతిలో ఒక రకంగా, చెడ్డవాడి చేతిలో మరో రకంగా పనిచేస్తుంది. తాగుడు మానినవారిలో మళ్లీ మొదలుపెట్టినవారూ ఉంటారు. ఒక్క మనిషి నైతిక బలం మీద ఎక్కువగా ఆధారపడిన ఉద్యమం ఆ మనిషి లేనప్పుడు తడబడుతుంది. ఇవన్నీ ఒప్పుకున్నాక కూడా, తాగే కూలీని తిట్టకుండా, తాగించే వ్యవస్థను వదలకుండా సాగిన ఆ ప్రయత్నానికి సాటి తక్కువ.

1990 నాటికి నియోగి మళ్లీ భిలాయ్‌కి వచ్చాడు. ఉద్యోగం ఊడగొట్టి పంపిన ఊరికి ముప్పయ్యేళ్లు నిండబోతున్న దశలో తిరిగి వచ్చిన వలసదారు ఈసారి ప్రభుత్వ కర్మాగారం గేటు దగ్గర ఆగలేదు. దాని నీడలో పెరిగిన ప్రైవేటు పరిశ్రమల దగ్గరికి వెళ్లాడు. ఇంజినీరింగ్ కంపెనీలు, తీగల మిల్లులు, సిమెంటు కర్మాగారం, వాటితో పాటు మద్యం డిస్టిలరీ. ఏళ్ల తరబడి ఒకే యంత్రం దగ్గర పని చేస్తున్నా కాగితం మీద కంట్రాక్టు కూలీలుగానే ఉన్నవారు అక్కడ వేలల్లో ఉన్నారు. ఉద్యోగ భద్రత, బతకదగిన జీతం, ఎనిమిది గంటల పని, తమ సంఘానికి గుర్తింపు అన్నవి వారి కోర్కెలు. చట్టంలో ఉన్నదానికి మించి అందులో దాదాపు ఏమీ లేదు.

డిస్టిలరీ కార్మికులు ముక్తి మోర్చా జెండా కింద చేరడం చరిత్రలోని ఒక విచిత్ర ఘట్టం. సారా తాగవద్దని పదేళ్లుగా చెప్పిన నాయకుడు సారా తయారుచేసేవారి జీతం కోసం పోరాడడమా? పైకి వైరుధ్యంగా కనిపించే ఈ విషయంలోనే ఆయన దృష్టి స్పష్టపడుతుంది. మద్యాన్ని పాపంగా చూసేవాడికి దాన్ని కాచేవాడూ పాపే. మద్యాన్ని కూలి దోపిడీలో భాగంగా చూసేవాడికి, దాన్ని సీసాల్లో నింపే కూలీ కూడా దోపిడీకి గురైనవాడే. మిల్వాకీ బీరు కార్మికులు 1886లో ఇనుప మిల్లు కార్మికులతో కలిసి ఎనిమిది గంటలు అడిగినప్పుడు అన్నదీ అదే. సీసా మీద ఉండేది యజమాని పేరు, అందులో ఉండేది కార్మికుడి శ్రమ.

సమాధానం రెండు రూపాలలో వచ్చింది. మొదటిది తొలగింపులు. సంఘంలో చేరిన వేలాది కార్మికులు పని కోల్పోయారు. వారి మీద, నాయకుల మీద దాడులు జరిగాయి. రెండోది కేసులు. 1991 ఫిబ్రవరిలో నియోగిని పాత కేసులలో అరెస్టు చేశారు. సుమారు రెండు నెలల తరువాత బెయిలు దొరికింది. దుర్గ్ జిల్లా నుంచి, పొరుగు జిల్లాల నుంచి ఆయనను బహిష్కరించే ప్రక్రియ మొదలైంది. తన ప్రాణానికి ముప్పు ఉందని ఆయన డైరీలో రాసుకున్నాడు, టేపులో మాటలు నమోదు చేశాడు. సెప్టెంబరులో కార్మికుల బృందంతో ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతి ఆర్. వెంకటరామన్‌కు విన్నపం అందజేశాడు. భిలాయ్‌కి తిరిగి వచ్చిన కొద్ది రోజులకే, 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున, హడ్కో కాలనీలోని ఇంట్లో నిద్రిస్తుండగా కిటికీలోంచి కాల్చి చంపారు. ఆయనకు అప్పటికి నలభై ఎనిమిదేళ్లు. దల్లీ రాజహరాలో జరిగిన అంతిమయాత్రకు జనం పోటెత్తారు.

తొలగించిన కార్మికుల పోరాటం ఆ తరువాత కూడా సాగింది. 1992 జూలై 1న భిలాయ్ పవర్ హౌస్ రైల్వే స్టేషన్‌లో పట్టాల మీద కూర్చున్నవారిపై పోలీసులు కాల్పులు జరిపారు. పదిహేను మందికి పైగా మరణించారు. దేశానికి పట్టాలు చేసి ఇచ్చిన ఊళ్లో ఆ పట్టాల మీదే కార్మికులు నేలకొరిగారు.

హత్య కేసు నడిచిన తీరు కూడా ఈ చరిత్రలో భాగమే. 1997 జూన్‌లో దుర్గ్ సెషన్స్ కోర్టు కాల్పులు జరిపిన కిరాయి హంతకుడికి మరణశిక్ష, ఇద్దరు పారిశ్రామికవేత్తలతో సహా మరో ఐదుగురికి యావజ్జీవ శిక్ష విధించింది. 1998లో మధ్యప్రదేశ్ హైకోర్టు అందరినీ విడుదల చేసింది. 2005 జనవరిలో సుప్రీంకోర్టు కాల్చినవాడిని మాత్రం దోషిగా నిర్ధారించి యావజ్జీవ శిక్ష వేసింది. మిగిలినవారిపై సాక్ష్యం చాలదని వారి విడుదలను ఖాయం చేసింది. న్యాయస్థానం తుది మాట అది, దాన్ని గౌరవించవలసిందే. కాని ఆ తీర్పు ఒక ప్రశ్నను మిగిల్చింది. నియోగితో వ్యక్తిగత శత్రుత్వం ఏమీ లేని కిరాయి మనిషి తుపాకీ పట్టుకుని ఆ కిటికీ దగ్గరికి ఎందుకు వచ్చాడు? చట్టం దృష్టిలో ఆ ప్రశ్నకు సమాధానం ఈనాటికీ ఖాళీగానే ఉంది.

దల్లీ రాజహరా గనులను పూర్తిగా యంత్రాలకు అప్పగించే ప్రతిపాదనకు బదులు యూనియన్ పాక్షిక యాంత్రీకరణను సూచించింది. యంత్రానికి యంత్రం పని, మనిషికి మనిషి పని అన్నది ఆ వాదన సారం. అది కొంతకాలం నిలిచి, తరువాత ఓడిపోయింది. చేతులతో రాయి కొట్టే కూలీల తరం ముగిసింది. ముక్తి మోర్చా చీలికలై బలహీనపడింది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడింది. ఆయన కలగన్న ఛత్తీస్‌గఢ్‌లో కార్మికుడూ రైతూ కేంద్రంగా ఉన్నారు. వచ్చిన రాష్ట్రంలో మద్యం ఆదాయం ఖజానాకు ముఖ్యమైన ఆధారాలలో ఒకటైంది. 2017లో ప్రభుత్వమే కార్పొరేషన్ పెట్టి చిల్లర మద్యం అమ్మకాలను చేతిలోకి తీసుకుంది. 2018 ఎన్నికలలో మద్యనిషేధం చేస్తామన్న కాంగ్రెస్ అధికారంలోకి వచ్చింది, ఐదేళ్లు పాలించింది, నిషేధం రాలేదు. ఆ కాలంలో మద్యం అమ్మకాలలో అక్రమాలు జరిగాయన్న ఆరోపణలపై కేంద్ర దర్యాప్తు సంస్థ కేసులు నడుపుతోంది. కేసుల ఫలితం ఏదైనా, ఒక విషయం మాత్రం తేటతెల్లం. సారా కొట్టు యజమాని పేరు మారింది. కంట్రాక్టరు స్థానంలో రాష్ట్రం కూర్చుంది. కొట్టు ముందు వరసలో నిలబడినవాడి కూలి మాత్రం ఎటు పోవాలో అటే పోతోంది.

పార్టీలన్నీ మహిళా ఓటర్లకు నెలకు ఇంతని నగదు బదిలీ హామీలు ఇస్తున్న కాలం ఇది. ఆ సొమ్ములో ఎంత భాగం అదే వీధిలోని ప్రభుత్వ మద్యం దుకాణం ద్వారా తిరిగి ఖజానాకు చేరుతుందో ఏ బడ్జెట్ ప్రసంగమూ చెప్పదు. దల్లీ రాజహరాలో 1977 తరువాత రాళ్లు కొట్టే స్త్రీలు వేసిన లెక్క సరిగ్గా ఇదే. చేతికి వచ్చింది ఎంత అని కాదు, ఇంటికి చేరింది ఎంత అని వారు అడిగారు. వారికి ఆ లెక్క వేయడంలో తోడు నిలిచిన మనిషి బెంగాల్ నుంచి వచ్చి, కోక్ ఓవెన్‌లో పని నేర్చి, ఛత్తీస్‌గఢీగా మరణించాడు. మిల్వాకీ బీరు యజమానుల పేర్లు ఈనాటికీ సీసాల మీద కనిపిస్తాయి. నియోగి పేరు ఏ సరుకు మీదా లేదు. దల్లీ రాజహరాలో కార్మికులు కట్టుకున్న ఆసుపత్రికి కూడా ఆయన పేరు పెట్టలేదు, 1977 జూన్‌లో తూటాలకు బలైనవారి జ్ఞాపకంగా షహీద్ ఆసుపత్రి అనే అంటారు. ఆ తలుపులు ఈనాటికీ రోగుల కోసం తెరిచే ఉన్నాయి.